గడప బయటి భోజనాలు

పెద్దమ్మ పోయిన మర్నాడు లాస్‌పేట మలుపులో కట్టిన ఫ్లెక్సీలో ఆమె వెనక ఒక పెద్ద రాతి తోరణం ఉంది. చూసినవాళ్ళంతా అది ఏ గుడి, చిదంబరమా, తిరువణ్ణామలైయా అని అడిగారు. అది గుడి కాదు. దక్షిణ ఫ్రాన్సులో రోమనులు కట్టి వదిలేసిపోయిన కట్టడం. మా పుదుచ్చేరిలో మనిషి పోతే ముందు ఫ్లెక్సీ కట్టాలి, ఏడుపులన్నీ ఆ తరువాతే. ఇంట్లో ఉన్న ఫోటోల్లో పెద్దమ్మ నవ్వుతున్నది ఇదొక్కటే. ఫ్లెక్సీ అంగడతను, వెనక ఆ రాళ్ళు తీసేసి మేఘాలు పెట్టమంటారా అని అడిగాడు. పెదనాన్న కాసేపు ఆలోచించి, "రాళ్ళే ఉండనీప్పా. ఆమె ఆడ బాగా తినింది" అన్నాడు.

పెద్దమ్మ చేతిలోని టిఫిన్ క్యారియర్‌ను మాత్రం తీసేయించాం. అది పోయాక ఆమె చెయ్యి గాల్లో ఏదో పట్టుకున్నట్టు వంగి మిగిలిపోయింది. పెద్దమ్మ ఊరందరినీ ఆశీర్వదిస్తోందని వీధిలోవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆమె ఎవరినైనా ఆశీర్వదించడం నేను చూసింది తక్కువ. తిట్టడం మాత్రం రోజూ చూశాను.

ఇంత ధైర్యంగా రాస్తున్నానంటే కారణం ఉంది. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు గాని చదవరు. ఎన్ని తరాల కిందటో వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళం. బళ్ళో తమిళమో ఫ్రెంచో చదివాం. నేనైనా పెళ్ళయ్యాకే పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. పెద్దమ్మ బతికుండగా ఇది రాసినా ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "జిలేబి పిండినట్టుండాది, ఏంది ఇది?" అని పక్కన పడేసేది.

ఆమె మా నాన్న అన్నగారి భార్య. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆమెది ఒకటే తీరు. కోపమొస్తే కొందరు అరుస్తారు, కొందరు అలిగి పడుకుంటారు. పెద్దమ్మ ఒట్టు పెట్టుకునేది. కొంగు నడుముకు దోపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "సరి. ఇంక విను" అన్నదంటే ఒట్టు రాబోతోందని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది. పెదనాన్న రేడియో కట్టేసేవాడు.

మునగచెట్టు కొమ్మ ఎవరి కాంపౌండులోకి వంగిందన్న గొడవలో, పక్కింటి గడప ఇంక తొక్కనని ఒట్టు పెట్టుకుంది. తొక్కలేదు కూడా. అయితే గోడకు ఇటు ఒక ముక్కాలిపీట, అటు ఒక ముక్కాలిపీట వెలిశాయి. గిన్నెలు, కబుర్లు, కరివేపాకు, అన్నీ గోడ మీదుగానే నడిచాయి. పక్కింటామె కూతురి సీమంతానికి గాజులు కూడా గోడ మీదినుంచి వంగి తొడిగి వచ్చింది. వచ్చిందనడం తప్పు, అసలు వెళ్ళలేదు కదా.

కురుచికుప్పం నుంచి చేపలు తెచ్చే ఆమెతోనూ అంతే. మెత్తబడిన చేప అంటగట్టిందని, "నీ కాడ ఇంక కొంటే అడుగు" అన్నది. మరునాటినుంచి పెదనాన్న కొనేవాడు. పెద్దమ్మ పక్కనే నిలబడి చేప మొప్పలు ఎత్తి చూసి, "ఏందయ్యా, అదొద్దు, ఆ పక్కది తీసుకో" అని ఆయనకు చెప్పేది. చేపలామె కూడా తెలివైనది. "అయ్యా, ఇది పొద్దున పడిందేనని అమ్మకు చెప్పండి" అని ఆయనతోనే అనేది. ఇద్దరి మధ్య పెదనాన్న సంచి పట్టుకుని టెలిఫోను స్తంభంలా నిలబడేవాడు.

పెద్దమ్మ ఒట్టు ఎన్నడూ తప్పలేదు. కాని ఏ ఒట్టుకైనా ఒక సందు వెతుక్కుని పెట్టుకునేది. అన్నిటికీ సందు దొరికింది. తమ్ముడి మీద పెట్టిన ఒట్టుకే చాలా ఏళ్ళు దొరకలేదు.

ఆ తమ్ముడిని నేను మామ అంటాను. వాళ్ళ తాత ఫ్రెంచివాళ్ళ పటాలంలో సిపాయిగా చేశాడు. ఆ పుణ్యాన ఆ ఇంటికి ఫ్రెంచ్ పౌరసత్వం వచ్చింది. మా ఊళ్ళో ఇది వింతేమీ కాదు, వీధికి నాలుగిళ్ళు అలాంటివే. మామ మీసం రాకముందే అక్కడికి పోయి, దక్షిణాన ఒక ఊళ్ళో సిటీబస్సు నడిపి రిటైరయ్యాడు. ఆ ఊరి పేరు పలకడం పెదనాన్నకు చివరిదాకా చేతకాలేదు. ఆయన మీది గౌరవం కొద్దీ నేనూ రాయడం లేదు.

వాళ్ళ అమ్మ పోయినప్పుడు మామ రాలేదు. "లీవు ఈలేదక్కా" అన్నాడు ఫోనులో. ఒక్కగానొక్క కొడుకు రాకపోతే అల్లుడైన పెదనాన్నే కొరివి పెట్టాడు. కర్మ రోజున, చుట్టాలంతా విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, పెద్దమ్మ ఫోను దగ్గరికి నడిచింది. కొంగు దోపింది. కళ్ళజోడు పైకి తోసింది. "సరి. ఇంక విను. నీ ఇంట్లో సెయ్యి తడిపితే నేను మా అమ్మకు పుట్టలేదనుకో" అంది.

మా వైపు చేయి తడపడమంటే లంచమని అనుకోకండి. ఒకరి ఇంట్లో కూర్చుని అన్నం తినడం. సంబంధం కుదిరిందా లేదా, చుట్టరికం నిలిచిందా తెగిందా అన్నది చేయి తడిపారా లేదా అన్నదాన్నిబట్టే చెబుతారు. పిల్ల నచ్చకపోతే పెళ్ళివారు కాఫీ తాగి లేచిపోతారే గాని చేయి మాత్రం తడపరు.

దీని తరువాత అక్కాతమ్ముళ్ళకు మాటలు లేవనుకుంటే పొరపాటు. ప్రతి ఆదివారం ఫోను. వంకాయ ధర, వానలు, ఎవరి మోకాలి నొప్పి ఎంతవరకు వచ్చింది, అన్నీ మాట్లాడుకునేవారు. మామ పుదుచ్చేరి వచ్చినప్పుడు పెద్దమ్మ దగ్గర కూర్చుని కొసరి కొసరి వడ్డించేది. "నా ఒట్టు నేను తినేదానికి. నువ్వు తినేదానికి ఒట్టెవురు పెట్టింది?" అనేది. అతనూ వంచిన తల ఎత్తకుండా తినేవాడు.

మామ భార్య పోయినప్పుడు పెద్దమ్మ వెళ్ళలేదు. వీసా రాలేదన్నది. లీవు రాకపోవడం మహాపాపం, వీసా రాకపోవడం మాత్రం దైవనిర్ణయం. ఈ మాట నేను పైకి అనలేదు. అనివుంటే నా మీద కూడా ఒక ఒట్టు పడేది.

ఆ తరువాత మామ గుండెకు ఆపరేషన్ జరిగింది. ఇకమీదట విమానం ఎక్కకూడదని అక్కడి డాక్టరు చెప్పాడట. ఆ ఆదివారం ఫోను పెట్టేశాక పెద్దమ్మ చాలాసేపు వక్కలు కత్తిరిస్తూ కూర్చుంది. అప్పుడు పెదనాన్నవైపు తిరిగి, "ఏందయ్యా, ఆ రోమనోళ్ళ పాత గోడలు సూడాలని నీకు శానా దినాలుగా ఆశ గదా?" అంది.

పెదనాన్న గోరిమేడులో ఆసుపత్రి స్టోర్సు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. జన్మలో ఒక్క పాత గోడ చూడాలని ముచ్చటపడినవాడు కాదు. రోమనులతో వ్యాపారం జరిగిన అరికమేడు మా ఊరిపక్కనే ఉంది, అక్కడికే పోలేదు. అయినా ఆయన పేపరు మడిచి, "అవును, శానా ఆశ" అన్నాడు. ఇలాంటి మొగుడు దొరకడం కూడా అదృష్టమే. నేను బళ్ళో ఫ్రెంచ్ చెబుతాను కనుక, భాష కోసమని నన్నూ లాక్కెళ్ళారు.

మామ ఉన్నది రెండో అంతస్తులో చిన్న ఇల్లు. మేము చేరేసరికి సాంబారు వాసన మెట్లదాకా వచ్చింది. పుదుచ్చేరిలో ఉన్నన్నాళ్ళు నీళ్ళు కాచడం కూడా ఎరగనివాడు ఇప్పుడు సాంబారు, పొరియల్ కూర, రసం, అప్పడాలు చేసి పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ అతని బుగ్గలు పట్టుకుని చిక్కిపోయావని తిట్టింది, వంటిల్లు తిరిగి చూసింది, మరదలి ఫోటోకు దండం పెట్టింది. కంచాలు పెట్టేసరికి వెనక్కి జరిగి, "నా ఒట్టు నీకు తెలుసు గదా" అంది.

"తెలుసక్కా" అన్నాడు మామ. అంతే. మారుమాట లేకుండా అన్నీ టిఫిన్ క్యారియర్‌లో సర్దాడు. మమ్మల్ని కిందికి దింపి, రెండు వీధుల అవతల బస్‌స్టాపు దగ్గరున్న ఒక మొండిగోడ దగ్గరికి తీసుకుపోయాడు. ఇంకా ఎండ బాగానే ఉంది.

"ఇదెవురి ఇల్లు?" అంది పెద్దమ్మ అనుమానంగా.

"ఎవురిదీ గాదక్కా. రోమనోళ్ళది. ఎప్పుడో పాడుపడింది."

పెద్దమ్మ గోడను పైనుంచి కిందిదాకా చూసి, "సరి, పెట్టు" అని కూర్చుంది. అలా సందు దొరికింది.

ఆ రోజునుంచి మా యాత్ర మొదలైంది. ఎవరైనా మా ఫోటోలు చూస్తే తవ్వకాల శాఖవాళ్ళు అనుకుంటారు. పొద్దున ఇడ్లీకి ఒక బురుజు. మధ్యాహ్నం సాంబారన్నానికి ఒక పాత రంగస్థలం. సాయంత్రం దోసెకు ఊరి చివర కోటగోడ. మామ బస్సు నడిపినన్నాళ్ళూ జనాన్ని ఈ చోట్లన్నిటిలో దింపాడే గాని తను దిగి చూసింది లేదట. ఇప్పుడు అక్క కడుపు కోసం వరసపెట్టి అన్నీ చూశాడు. కాఫీ మాత్రం పెద్దమ్మ ఇంట్లోనే తాగేది. కాఫీ లెక్కలోకి రాదని ఆమే తీర్పు చెప్పుకుంది.

పెద్ద రంగస్థలంలో మెట్ల మీద క్యారియర్ విప్పగానే కాపలాదారు వచ్చాడు. లోపల ఏమీ తినకూడదని, గేటు బయట తినండని మర్యాదగానే చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. కోప్పడుతుందని భయపడ్డాను. పెద్దమ్మ అతనివైపు జాలిగా చూసి, "వాడికీ ఏదో ఒట్టుండాదేమో పావం, పదండి" అని లేచింది. అప్పటినుంచి మామ కాపలా లేని శిథిలాలు వెతకడం మొదలుపెట్టాడు. అలా ఊరు దాటి, కొండలెక్కి, ముళ్ళ పొదల్లో పడ్డాం. నా చెప్పు తెగింది. ఒక ముసలావిడ మొండితనం కోసం ఎండలో గుట్టలెక్కి రసం తాగడమేమిటని నాకు ఒళ్ళు మండింది.

సంతోషపడ్డది పెదనాన్న ఒక్కడే. అబద్ధానికి ఒప్పుకున్న ఆశ ఆయనకు నిజంగానే పట్టుకుంది. ప్రతి గోడ దగ్గరికీ పోయి అరచేత్తో తట్టి, "గట్టి" అనేవాడు. దూరానికి నీళ్ళు తీసుకుపోవడానికి కట్టిన మూడంతస్తుల రాతి వంతెన కింద భోంచేసినరోజు ఆయన నోరు తెరిచి నిలబడిపోయాడు.

ఆ వంతెన కిందే పెద్దమ్మ చేపలపులుసు నోట్లో పెట్టుకుని, "అమ్మ చేసినట్టే ఉండాదిరా తంబీ" అంది. మామ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడేదో మాట వస్తుందని నేను ఎదురు చూశాను. "ఇంకొంచెం వేసుకోక్కా" అన్నాడు. ఆమె వేసుకుంది. మళ్ళీ ఏటి నీళ్ళ గురించి మాట్లాడుకున్నారు.

తిరిగి కారు దగ్గరికి నడుస్తుంటే పెదనాన్న నాతో మెల్లగా అన్నాడు. "అత్తకు కొరివి పెట్టింది నేను. కోపముంటే నాకుండాల. నాకు ఆ దినమే పోయింది. వీళ్ళిద్దురూ ఇంకా దాన్ని మోస్తా ఉండారు. ఈసారి గూడా తినకుండా పోతే, వాడు విమానమెక్కలేడు, ఈమె మళ్ళా రాలేదు. ఇంగ అంతే."

మేము బయల్దేరే రోజు పొద్దున వాన పట్టుకుంది. ఆ ఊళ్ళో వాన పడితే ఆకాశం ఊడి పడినట్టే పడుతుంది. వీధిలో నీళ్ళు కార్ల చక్రాలదాకా వచ్చాయి. పెద్దమ్మ లేవగానే అలవాటుగా చక్కెర జబ్బు మాత్ర వేసుకుంది. మాత్ర వేసుకుంటే వెంటనే తినాలి, లేకపోతే ఆమెకు కళ్ళు తిరుగుతాయి. మామ క్యారియర్ కట్టుకుని కిందికి దిగి, పైనుంచి కిందిదాకా తడిసి వచ్చాడు. కారు కదలదట.

పెద్దమ్మ గోడ పట్టుకుంది. నుదుటి మీద చెమట కనిపించింది. "ఏం లేదు, వాన తగ్గనీ" అంది. నేను బిస్కెట్ ఇస్తే తల అడ్డంగా ఊపింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. "నీ ఒట్టు పాడుగాను, తిను పెద్దమ్మా!" అని అరిచాను.

"మెట్ల మీద కూర్చుంటా. మెట్లు ఇల్లు గాదు గదా" అంది ఆమె.

తలుపు తీసుకుని బయటికి పోయి, రెండంతస్తుల మధ్య చల్లటి సిమెంటు మెట్టు మీద చీర సర్దుకుని కూర్చుంది. మామ కంచంలో ఇడ్లీలు పెట్టి తెచ్చాడు. అదే సమయానికి పైఇంటి ఫ్రెంచావిడ గొడుగు పట్టుకుని దిగుతూ, పెద్దమ్మను చూసి, పక్కకు ఒదిగి దాటిపోయింది. రైల్వేస్టేషన్ మెట్ల మీద అడుక్కునేవాళ్ళను దాటిపోయినట్టే దాటింది.

పెద్దమ్మ చెయ్యి చాపింది. మామ కంచం ఇవ్వలేదు.

"ఈను" అన్నాడు. "నా అక్క మెట్ల మీద కూర్చోని తినేదేంది? ఇన్ని దినాలు ఊరంతా తిప్పి పాడుపడినవన్నీ సూపిచ్చినా. ఒకటి సూపియ్యలేదు. ఆడబిడ్డ అన్నం తినని ఇల్లు ఇల్లా? నా పెండ్లాం పోయింది, వంట చేసేవాణ్ణీ నేనే, తినేవాణ్ణీ నేనే. ఇంతకన్నా పాడుపడినది ఈ ఊళ్ళో ఇంకోటి లేదు. వచ్చి దీంట్లో కూర్చోని తినక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా, తిను."

పెద్దమ్మ అతనివైపు చూసింది. కొంగు దోపలేదు, కళ్ళజోడు పైకి తోయలేదు. రెయిలింగు పట్టుకుని లేచి, గడప దాటి, వంటింట్లో నేల మీద కూర్చుంది. మామ కంచం ముందు పెట్టాడు. ఆమె తిన్నది. ఒకదాని తరువాత ఒకటి, మళ్ళీ పెట్టించుకుని తిన్నది. పెదనాన్న తలుపు దగ్గర నిలబడి ముక్కు ఎగపీల్చుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కొంచెం తేరుకున్నాక పెద్దమ్మ నోరు లేచింది. "ఏమిరా, ఈ మాట అనేదానికి ఇన్నేండ్లు కావాల్నా నీకు? మొదటి దినమే అనుంటే ఆ ముండ్లలో, ఆ రాళ్ళల్లో నన్ను తిప్పేవాడివా?"

"నువ్వు ఒట్టు పెట్టుకునుండావని..."

"ఒట్టు నాది. తినమని అడిగేది నీ వంతు గదరా! ఒక్కసారన్నా ‘తినక్కా’ అన్నావా నువ్వు? ఊ అంటే క్యారియర్ కడతావు!"

మామ నేల చూస్తూ అన్నాడు.

"అమ్మ పోయిన దినం నువ్వు ఫోను చేసినావు గదక్కా. ‘అమ్మ పోయిందిరా’ అన్నావు. లీవు ఈలేదన్నా. నువ్వు ‘సరి’ అని పెట్టేసినావు. నన్ను తిడతావని కాసుకోని ఉన్నా. లీవు ఏందిరా లీవు, పని పోతే పోయింది, వచ్చెయ్‌రా అని నువ్వొక మాట అనుంటే, ఎట్లైనా వచ్చుంటా. నువ్వు తిట్టలేదు. రమ్మని గూడా అన్లేదు."

ఊరందరినీ తిట్టిన మనిషి ఆ ఒక్కరోజు తిట్టలేదు. పెద్దమ్మ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. చివరికి, "అవునురా. అన్లేదు" అంది. ఇంకొక ఇడ్లీ పెట్టమని కంచం ముందుకు జరిపింది.

ఊరికి తిరిగొచ్చాక వాళ్ళిద్దరూ ఈ సంగతి ఎత్తలేదు. ఆదివారాలు మళ్ళీ వంకాయలూ మోకాళ్ళే.

మొన్న పెద్దమ్మ నిద్రలోనే పోయింది. పొద్దున పెదనాన్న ఫోను నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "మామా, పెద్దమ్మ పోయింది" అన్నాను. అతను, "డాక్టరు విమానం ఎక్కేదానికి లేదన్నాడమ్మా..." అని మెల్లగా మొదలుపెట్టాడు.

పెద్దవాళ్ళను అంతలా తిట్టి ఎరగను నేను. అయినా నిలబడి, వీధి చివరిదాకా వినిపించేట్టు తిట్టాను. "డాక్టరు ఏంది మామా డాక్టరు? అక్క పోతే రానోడివి ఏం మనిషివి నువ్వు? సిగ్గులేదా? వీల్‌ఛెయిర్లో వస్తావో, ఎవుర్నన్నా పట్టుకోని వస్తావో నాకు తెలీదు. వచ్చెయ్!"

మామ ఫోనులో గొంతెత్తి ఏడ్చాడు. ఏడుస్తూనే, "వస్తా ఉండానమ్మా, వస్తా ఉండా" అన్నాడు.